ఎండలోని అదృశ్య కిరణములు - ప్రాణికోటి
(ఒక చారిత్రక పరిశీలనము)

గౌతమీ గోదావరి సముద్రమును చేరబోవు చోట, ఉత్తర అక్షాంశము సుమారు 16 డిగ్రీల 44 నిమిషములకడ యానాం పట్టణమున్నది. ఈ అక్షాంశమున సూర్యుడు ఏటికి రెండు మారులు, మే మొదటివారపు చివరను, ఆగస్టు మొదటివారపు చివరను, నడినెత్తికి వచ్చును. ఆ దినములలో మిట్టమధ్యాహ్నము నిలువుగా పాతిన కఱ్ఱకు నీడ కానరాదు. ఇట్టి సూర్యుని క్రింద తరతరములుగా జాలరులు వేటకు పోవుచున్నారు. స్త్రీలు మడులలో నాట్లు వేయుచున్నారు, ఇసుక మీద చేపల నెండబెట్టుచున్నారు. ఆ యెండ వారి మేనికిని కన్నులకును చేయు మేలు కీడులను గూర్చి శాస్త్రజ్ఞులు ఏమి తెలిసికొనిరి, ఎట్లు తెలిసికొనిరి అను విషయమును సంగ్రహముగా విన్నవించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా మన భాషను గూర్చి యొక మాట. తెలుగున ఎండకు పేళ్లు పెక్కు కలవు. లేయెండ, నీరెండ, చుఱుకెండ, మండుటెండ అని మన మందుము. ఎండదెబ్బ, వడదెబ్బ అనియు చెప్పుదుము. ఈ మాటలన్నియు కంటికి తోచు వెలుగును బట్టియో, ఒంటికి తగులు వేడిని బట్టియో పుట్టినవి. వెలుగు, వేడి అను నీ రెండును గాక ఎండలో మూడవ భాగ మొకటి కలదు. అది కంటికి కానరాదు, చర్మమునకు వెచ్చగా తగులదు. దానినే అతినీలలోహిత కిరణము లనుచున్నాము. మన పూర్వులు దాని ఫలమును చూచిరి గాని దానికి పేరు పెట్టుటకు వీలు లేకపోయెను. వేడి తక్కువగా నున్నది గనుక ఎండ కీడు చేయదని తలచుట నేటికిని జనులలో కలదు. ఈ తలపు సరికాదని నిరూపించుటకు శాస్త్రజ్ఞులకు శతాబ్దమునకు పైగా పట్టినది.

అదృశ్య కిరణముల ఆవిష్కరణము

1666 ప్రాంతమున న్యూటను గాజు పట్టకము గుండా సూర్యకాంతిని ప్రసరింపజేసి, తెల్లని వెలుగులో ఏడు రంగులు కలవని చూపెను. 1800లో విలియం హెర్షెల్ ఆ రంగుల పట్టీలో ఎఱుపునకు ఆవల, ఏ వెలుగును లేని చోట, ఉష్ణమాపకమును ఉంచగా పాదరసము పైకెక్కెను. అట్లు వేడి కిరణములు బయల్పడినవి. మఱుసటి యేడు 1801లో జర్మనీలోని యేనా నగరమున యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అను యువకుడు ఆ పట్టీకి రెండవ కొనను పరీక్షించెను. వెండి క్లోరైడు వెలుగు తగిలిన నల్లబడునని అప్పటికే తెలియును. ఊదారంగునకు ఆవల, కంటికి చీకటిగా నున్న చోట అది మఱింత వేగముగా నల్లబడుట నాతడు గుర్తించెను. మొదట వీనిని రసాయనిక కిరణము లని పిలిచిరి.

ఇప్పటి లెక్క ప్రకారము వీని తరంగముల పొడవు 400 నానోమీటర్లకు లోబడి 100 వఱకు నుండును. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. 1932లో కోపెన్‌హేగన్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో వీనిని ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజించిరి. 400 నుండి 315 వఱకు ఎ తరగతి, 315 నుండి 280 వఱకు బి తరగతి, అంతకు లోబడినది సి తరగతి. పొడవు తగ్గిన కొలది కిరణముయొక్క శక్తియు, ప్రాణులకు కలిగించు మార్పును హెచ్చగును.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుల పాత్ర

ఫ్రెంచివారు 1723లో యానాంలో అడుగుపెట్టిరి. 1954లో వారి పాలనము ముగిసెను. 1962 ఆగస్టు 16న ఈ ప్రాంతము చట్టరీత్యా భారతదేశమున చేరెను. రెండు శతాబ్దములకు పైగా సాగిన ఆ పాలనమును గూర్చి మన మెఱిగినంతగా, ఆ కాలమున ఆ జాతి విద్వాంసులు సూర్యకాంతిని గూర్చి చేసిన కృషిని ఎఱుగము. అందొక భాగము మన తెలుగునేల మీదనే జరిగెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై జూల్ జాన్సెన్ అను ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు మంటల వెలుగును పట్టకముతో విడదీసి చూచి, గ్రహణము లేని వేళను గూడ వానిని పరీక్షించు మార్గమును కనుగొనెను. హీలియం అను వాయువును సూర్యునియందు గుర్తించిన చరిత్ర ఆనాటి పరిశీలనములతోనే మొదలగుచున్నది.

జాన్సెన్ దృష్టి కంటికి కనబడు వెలుగు మీద నుండెను. ఊదారంగునకు ఆవలి కొనను శ్రద్ధగా కొలిచినవాడు ఆల్ఫ్రెడ్ కొర్నూ అను మఱియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. సూర్యకాంతి పట్టీ 300 నానోమీటర్ల చెంత హఠాత్తుగా తెగిపోవుచున్నదనియు, గాలిలోని ఏదో పదార్థ మా భాగమును మ్రింగుచున్నదనియు 1879 ప్రాంతమున నాతడు తెలిపెను. 1881లో ఇంగ్లండు దేశస్థుడు హార్ట్లీ ఆ పదార్థము ఓజోను వాయువు కావలెనని చెప్పెను. 1913లో మార్సెయి నగరమున షార్ల్ ఫాబ్రీ, హాన్రీ బ్యూయిస్సన్ అను నిరువురు కొలతలతో దానిని స్థిరపఱచిరి. ఆకాశమందలి ఓజోనునంతను భూమిమీదికి దించి మామూలు వాయుపీడనమున పఱచినచో దాని మందము సుమారు 3 మిల్లీమీటర్లకు మించదు. ఉష్ణమండలమున అది యింకను కొంచెము పలుచన. సి తరగతి కిరణములను పూర్తిగను, బి తరగతి కిరణములను చాలవఱకును ఆపునది ఈ పలుచని తెరయే. ఇది లేనిచో నేలమీద ప్రాణి నిలుచుట దుర్లభము.

కాల్చునది వేడి కాదు

ఎండ తగిలి ఒడలు కమలుట వేడిచేతనే యని చిరకాలము తలచిరి. 1820 ప్రాంతమున లండనులో ఎవరార్డ్ హోమ్ అను వైద్యుడు ఒక చేతిని ఎండలో వట్టిగా నుంచి, రెండవ చేతిని నల్లని గుడ్డతో కప్పెను. గుడ్డ క్రిందనే వేడి హెచ్చుగా నున్నను, కమిలినది వట్టి చేయి. 1858లో పారిసునందలి ప్రసిద్ధ వైద్యుడు షార్కో, విద్యుద్దీప్తితో ప్రయోగములు చేసిన ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులకు చర్మము కమిలి, కన్నులు మండుట చూచెను. వారికి వేడి అంతగా తగులలేదు గనుక, ఈ బాధకు రసాయనిక కిరణములే కారణమని యాతడు నిర్ణయించెను. 1889లో స్వీడను దేశపు విడ్‌మార్క్ వేడి కిరణములను నీటితో వడగట్టి, అతినీలలోహిత కిరణములను గాజుతో ఆపి, కమలుట ఈ రెండవ వానివలననే యని ప్రయోగపూర్వకముగా చూపెను.

ఇక్కడ గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఈ కిరణములు చిరకాలము తగులుటవలన వచ్చు కీడు మొట్టమొదట తెలియవచ్చినది కాయకష్టము చేయువారి శరీరములను చూచుటవలననే. 1894లో జర్మను చర్మవైద్యుడు ఉన్నా ఓడలలో పనిచేయు నావికుల ముఖముల మీదను, చేతుల మీదను చర్మము గట్టిపడి, కొందఱికి వ్రణముగా మారుటను వర్ణించెను. ఫ్రాన్సులోని బోర్డో నగరపు వైద్యుడు దుబ్రూయ్ ద్రాక్షతోటల కూలీలయందు అట్టి మార్పులనే చూచి, ఎండయే కారణమని 1907లో వ్రాసెను. 1928లో ఫిండ్లే ఎలుకలపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి చర్మపు క్యాన్సరు కలుగునని రుజువు చేసెను.

కీడు జరుగు తీరు ఆ పిమ్మట తెలిసెను. 1930 నాటికి ఫ్రెడరిక్ గేట్స్, సూక్ష్మజీవులను మిక్కిలిగా చంపు తరంగములును, కేంద్రకామ్లములు మిక్కిలిగా మ్రింగు తరంగములును ఒక్కటే యని గుర్తించెను. వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. అను దీర్ఘమైన అణువున థైమీను అను భాగములు ప్రక్కప్రక్కన నుండును. కిరణపు దెబ్బకు ఆ రెండును ఒకదాని కొకటి అతుకుకొనును. ఈ సంగతి 1960లో హాలెండు దేశమున బ్యూకర్స్, బేరెండ్స్ అనువారు వెల్లడించిరి. అతుకు పడిన చోట జీవకణము తన వ్రాతను తప్పుగా చదువుకొనును. అట్టి తప్పులు పేరుకొన్నచో క్యాన్సరునకు దారితీయును.

అయితే జీవకణమునకు మరమ్మతు చేసికొను నేర్పు గూడ కలదు. ఆ విధానమును వివరించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమాన మీయబడెను. ఆ నేర్పు పుట్టుకతోనే లోపించిన శిశువులు అరుదుగా పుట్టుచుందురు. వారికి కొద్దిపాటి ఎండయు విషప్రాయము. చిన్ననాడే ముఖము నిండ మచ్చలు, పిమ్మట వ్రణములు కలుగును. తల్లిదండ్రు లిరువురిలోను ఆ లోపము మఱుగుగా నున్నప్పుడే ఇట్టి శిశువు పుట్టుటకు వీలు కలుగును. రక్తసంబంధము గల పెండ్లిండ్లలో అట్లు జరుగుటకు అవకాశము హెచ్చు. మేనరికము వాడుకగా నున్న మన తెలుగు కుటుంబములు ఈ సంగతి నెఱిగియుండుట మంచిది.

ఎండ చేయు మేలు

ఆరోగ్యమును సూర్యునివలన కోరవలెనని మన పెద్దలు చెప్పుదురు. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానము చేయుట మన యాచారము. ఈ ప్రాంతమునకు దాపుననే గొల్లల మామిడాడలో సూర్యనారాయణస్వామి ఆలయమున్నది. సూర్యుడు ఆరోగ్యప్రదాత యను నమ్మకమునకు శాస్త్రమునందును ఆధారములు దొరకినవి.

1877లో ఇంగ్లండున డౌన్స్, బ్లంట్ అను నిరువురు, ఎండలో నుంచిన ద్రవములయందు సూక్ష్మజీవులు పెరుగకుండుటను చూచిరి. 1910లో మార్సెయి నగరమున త్రాగునీటిని అతినీలలోహిత దీపములతో శుద్ధిచేయు ప్రయత్నము జరిగెను. నేడు మన యిండ్లలోని నీటి శుద్ధి యంత్రములలో వెలుగు చిన్న దీపమునకు అదియే పూర్వరంగము. డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మమునకు సోకిన క్షయను ఈ కిరణములతో మాన్పి 1903లో నోబెల్ బహుమానము నొందెను. 1919లో బెర్లినున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు ఎముకలు వంకరపోయిన పిల్లలను పాదరసపు దీపకాంతిలో ఉంచి స్వస్థులను గావించెను. బి తరగతి కిరణములు చర్మమునందు డి విటమినును పుట్టించుననియు, ఎముకలు గట్టిపడుటకు అది యవసర మనియు ఆ తరువాత తేలెను.

ఎండ సమృద్ధిగా నున్న మన దేశమున ఈ విటమినునకు కొఱత యుండదని చాలకాలము తలచిరి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు 2000 తరువాత చేసిన పరిశీలనములలో ఈ తలపు తప్పని తేలినది. పట్టణములలోను, పల్లెలలోను గూడ కొఱత విస్తారముగా కానవచ్చెను. పొలములలో ఎండకు తిరుగు పల్లెవాసులు పట్టణవాసులకంటె మెఱుగుగా నుండిరి. తిరుపతి అక్షాంశమున చర్మము ఈ విటమినును బాగుగా తయారుచేయునది పగలు 11 గంటలకును 2 గంటలకును నడుమ ననియు వారు తెలిపిరి. ఉదయపు నీరెండ ఒంటికి హాయి. అయినను సూర్యుడు వాలియున్నప్పుడు కిరణములు హెచ్చు దూరము గాలిలో ప్రయాణము చేయవలసియుండుటచేత బి తరగతి భాగము దారిలోనే హరించిపోవును.

మేని చాయయు, ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషియు

మన చర్మమున మెలనిను అను నల్లని వర్ణకము కలదు. అతినీలలోహిత కిరణములను మ్రింగి లోపలి కణములను కాపాడుటయే దాని పని. ఇందుచేతనే ఎండవలన కలుగు చర్మపు క్యాన్సరు తెల్లవారిలో హెచ్చు, మనలో మిక్కిలి తక్కువ. ఈ కవచము మానవునికి ఏల కలిగెనను ప్రశ్నకు ఇచ్చిన సమాధానములలో ఒకటి మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి కృషితో ముడిపడియున్నది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మాఱిరి. అచ్చట వారి నాయకత్వమున జరిగిన కృషిలో ఫోలిక్ ఆమ్లమును వేఱుచేసి, 1945లో కృత్రిమముగా తయారుచేయుట ముఖ్యమైనది. గర్భిణులకు కలుగు ఒకవిధమైన రక్తహీనతను ఈ విటమిను మాన్పును. గర్భస్థ శిశువుయొక్క వెన్నుపాము సరిగా ఏర్పడుటకును ఇది కావలెను. 1948 ఆగస్టులో న్యూయార్కులో సుబ్బారావుగారు కన్నుమూసిరి.

వారి మరణమునకు ముప్పది యేండ్లకు, 1978లో, బ్రాండా, ఈటన్ అను నిరువురు అమెరికా వైద్యులు ఈ విటమిను ఎండలోని అదృశ్య కిరణములవలన నశించునని చూపిరి. 2000 సంవత్సరమున నీనా జబ్లాన్‌స్కీ, జార్జి చాప్లిన్ అనువారు దీనిపై ఒక సిద్ధాంతము నిర్మించిరి. ఎండ తీవ్రముగా నున్న దేశములలో రక్తమందలి ఫోలిక్ ఆమ్లమును కాపాడుటకై నల్లని చాయ నిలిచెననియు, ఎండ తక్కువైన దేశములలో డి విటమిను చాలుటకై చాయ పలుచబడెననియు వారి వాదము. ఇది అందఱును పూర్తిగా అంగీకరించిన విషయము కాదు, గాని విస్తృతమైన ఆదరము పొందినది. చామనచాయను చిన్నచూపు చూచి, పెండ్లిచూపులలో ఆడుపిల్ల రంగును ఎంచు మన సంఘమునకు ఈ సిద్ధాంతము నేర్పు పాఠము గొప్పది. ఆ చాయ కన్నబిడ్డకు తల్లి యిచ్చిన రక్షణ కావచ్చును.

చీమయు, తేనెటీగయు

ఈ కిరణములు మానవునికి అదృశ్యములే గాని ప్రాణు లన్నింటికిని గావు. 1882 నాటికే జాన్ లబ్బక్ అను ఆంగ్లేయుడు చీమలను పరీక్షించెను. అతినీలలోహిత కాంతి పడిన చోటి నుండి అవి తమ పిల్లలను ఎత్తుకొని చీకటికి పోవుట చూచి, అవి దానిని చూడగలవని నిర్ణయించెను. తేనెటీగలకును ఈ చూపు కలదని ఆ తరువాత తెలిసెను. మనకు ఒకే రంగుగా కనబడు పూవులో వానికి తేనె దారిని చూపు గీతలు కనబడును. మొక్కలు తమ ఆకుల పైపొరలలో ఈ కిరణములను మ్రింగు పదార్థములను కూర్చుకొనును. నీరు మాత్రము మంచి అడ్డు గాదు. అర మీటరు లోతునను పైనున్న బలములో సుమారు నూటికి నలుబది వంతులు నిలిచియుండు నని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కనుక నీటి పైపొరలలో తేలాడు సూక్ష్మప్రాణులకును, చేపల గ్రుడ్లకును ఈ కిరణములు హెచ్చినచో నష్టము కలుగును. వానిపై చేపలు, చేపలపై జాలరులు ఆధారపడియున్నారు.

జాలరి కన్నులు

చర్మమునకు మెలనిను కవచమైనట్లు కంటికి అంతటి కవచము లేదు. 1988లో అమెరికాలోని చెసపీక్ అఖాతమున చేపలు, పీతలు పట్టు 838 మంది జాలరులను హ్యూ టేలర్, అతని సహచరులు పరీక్షించిరి. ఎవ రెన్ని యేండ్లు, ఏ వేళలలో, టోపీతోనా, అద్దములతోనా నీటిమీద గడపిరో విచారించి, వారి కన్నులకు తగిలిన బి తరగతి కిరణముల మొత్తమును లెక్కగట్టిరి. ఆ మొత్తము హెచ్చిన కొలది కంటి కటకపు అంచులనుండి ప్రాకు శుక్లములు హెచ్చుగా కానవచ్చెను. మన దేశమునందును ఇట్టి కృషి జరిగినది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 నుండి 2000 వఱకు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10,293 మంది కన్నులను పరీక్షించిరి. ఆ జనులలో కొందఱిని పదునైదేండ్ల పిమ్మట మరల చూడగా, నల్లగ్రుడ్డుపైకి కండ పొర ప్రాకు జబ్బు ఆరుబయట పనిచేయువారికి హెచ్చుగా వచ్చుట తేలెను.

శుక్లములకు వయస్సు, మధుమేహము, పొగత్రాగుట మొదలగు కారణములును కలవు. వానియందు ఎండ యొకటి. వయస్సును ఆపలేము గాని ఎండను కొంత ఆపగలము. ఇచ్చట వేడిని నమ్మరాదు. సముద్రపు గాలి ఒంటిని చల్లబఱచును గాని కిరణముల నాపదు. పలుచని మబ్బు గుండా నూటికి తొంబది వంతుల వఱకు కిరణములు దిగివచ్చును. నీటి నురుగు నూటికి ఇరువదియైదు వంతులును, పొడి యిసుక పదునైదు వంతులును పైకి త్రిప్పికొట్టును. కావున నావలో నున్నవానికి ఎండ మీదినుండియే గాక క్రిందినుండియు తగులును. దినమందలి కిరణములలో నూటికి అఱువది వంతులు పగలు 10 గంటలకును 2 గంటలకును నడుమనే నేలను చేరును.

ఆకాశపు తెర చిరుగుట

1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు దక్షిణధ్రువముపై ఓజోను తెర ప్రతి వసంతమునను పలుచబడుచున్నదని ప్రకటించిరి. శీతలయంత్రములలో వాడు క్లోరిను గల వాయువులు దానికి కారణము. 1987లో మాంట్రియల్ నగరమున దేశములు కూడి ఆ వాయువుల తయారీని తగ్గించుటకు ఒడంబడిక చేసికొనెను. భారతదేశము 1992లో అందు చేరెను. తెర మెల్లగా కోలుకొనుచున్నది. అయినను మన అక్షాంశమున ఓజోను సహజముగనే పలుచన; సూర్యుడు సహజముగనే నడినెత్తివాడు. ఆ తెర పూర్తిగా కుదుటపడినను మన జాగ్రత్త మనకు తప్పదు.

ఉపసంహారము

నావికుని ముఖమును, ద్రాక్షతోట కూలీ చేతులను, జాలరి కన్నులను చూచి శాస్త్రజ్ఞులు ఈ విద్యను సంపాదించిరి. కావున ఇది తిరిగి శ్రమజీవికే చేరవలెను. అందులకు ఖరీదైన సాధనము లక్కఱలేదు. మన పెద్దలు వాడిన తాటాకు గిడుగు వేడికొఱకు పుట్టినదైనను కిరణములనుగూడ ఆపును. వెడల్పు అంచు గల టోపీ కంటికి తగులు కిరణములను సుమారు సగమునకు తగ్గించును. వీలగువారికి అతినీలలోహిత కిరణముల నాపు కళ్లద్దములు మఱింత మేలు. వట్టి నల్లరంగు అద్దములు చాలవు. నల్లదనము చూచి కనుపాప విప్పారగా కిరణములు లోనికి హెచ్చుగా పోవచ్చును. మఱియొక వంక, రోజంతయు నీడపట్టున నుండు పిల్లలకును, స్త్రీలకును, వృద్ధులకును మధ్యాహ్నమున కొలది నిమిషముల ఎండ అవసరమే.

భాషాబోధకులమైన మాకును ఇందొక బాధ్యత కలదు. అతినీలలోహితమను మాట పాఠ్యపుస్తకములలో కలదు గాని రేవునందును, పొలమునందును వినబడదు. వేడి ఎండ, వెలుగు ఎండ యని చెప్పుకొనునట్లే, ఎండలో కానరాని పాలు మూడవది కలదని మన పిల్లలకు వాడుక మాటలలో చెప్పవలెను. ఆ పిల్లలు సాయంకాలము ఇంటికి పోయి, తెల్లవారుజామున వేటకు పోవు తండ్రికి ఆ సంగతి చెప్పినచో, రెండువందల యేండ్ల ఈ విద్య చేరవలసిన చోటికి చేరినట్లగును.